గిటారులో దాగిన మద్దెల

తంత్రీవాద్యం స్వరానికి, చర్మవాద్యం లయకు అని మనం సాధారణంగా అనుకుంటాము. ఈ హద్దును వాద్యకారులు మాత్రం ఏ కాలంలోనూ పూర్తిగా మన్నించలేదు. మన వీణలోనే స్వరం పలికే నాలుగు తంత్రుల ప్రక్కన తాళం చెప్పే తంత్రులు మూడున్నవి. పాశ్చాత్యుల గిటారుకు అటువంటి తాళపు తంత్రులు లేవు. అయినా దాని వాద్యకారులు చెక్కపెట్టెను చరచి మద్దెల మోత పుట్టించారు. తీగను మీటకుండానే వ్రేలితో మెట్టుపై తట్టి స్వరం పలికించారు. ఈ విద్యలు నిన్న మొన్న పుట్టినవనీ, ఫలానావాడే వీటిని కనిపెట్టాడనీ తరచు వింటూ ఉంటాము. చరిత్రను కొంచెం తిరగవేసి చూస్తే ఆ మాట నిలవదు.

ముందుగా చరపును గురించి చెప్పుకుందాము. దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియా ప్రాంతం ఫ్లమెంకో సంగీతానికి పుట్టినిల్లు. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ కళ ఇంటి ముంగిళ్లను దాటి, గానానికీ నృత్యానికీ పేరుపడ్డ కాఫీశాలలలోనికి ప్రవేశించింది. సిల్వెరియో ఫ్రాంకొనెట్టి అనే గాయకుడు సెవిల్ నగరంలో 1881లో తన పేరిట అటువంటి శాలనొకదానిని నెలకొల్పాడు. అక్కడ నర్తకి మడమల తాడనం ఒక ప్రక్క, చప్పట్ల లయ మరొక ప్రక్క, బల్లమీద వ్రేలి కణుపుల దరువు వేరొక ప్రక్క. ఆ సందడిలో గిటారు వాద్యకారుడు గాయకునికి శ్రుతిని అందివ్వవలె, నర్తకికి కాలప్రమాణాన్నీ నిలపవలె. అందుచేత తీగలు మ్రోగుతూ ఉండగానే కుడిచేతి ఉంగరపు వ్రేలితో పై పలకను కొట్టడం అలవాటయింది. దీనికి వారు పెట్టుకున్న పేరు ‘గోల్పె’. దెబ్బ అని అర్థం. గోటి దెబ్బలకు పలుచని పలక చెడిపోకుండా దానిమీద ఒక రక్షణ రేకును అతికించడం ఆచారమయింది. దెబ్బ కాచుకొనే రేకు వాద్యంలోనే ఒక అంగమయిందంటే, ఆ దెబ్బ ఒక వ్యక్తి ఆకతాయితనం కాదు, సంప్రదాయమే అని గ్రహించవచ్చును.

కచేరీ వేదిక కూడా ఈ మోతను వెలివేయలేదు. స్పెయిన్ దేశపు మహావిద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా (1852–1909) తన ‘గ్రాన్ హోతా’లో మంద్రస్థాయి తీగలు రెంటిని ఒకదానిపై ఒకటి మెలివేసి నొక్కి, సైనికుల డోలు చప్పుడును తెప్పించాడు. గుర్రం దగ్గర తీగలను బొటనవ్రేలి ప్రక్కతో కొట్టి గంభీరమైన మోతను రాబట్టే ‘తంబోరా’ కూడా ఈ కచేరీ బాణీలోనిదే.

అట్లాంటిక్ సముద్రం ఆవలి కథలో విషాదం ఉన్నది. దక్షిణ కరొలైనాలో 1739లో నీగ్రో బానిసలు స్టోనో నది వద్ద తిరుగుబాటు చేశారు. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన శాసనం వారికి డోళ్లను నిషేధించింది. డోలు మోత తిరుగుబాటుకు పిలుపు కాగలదని యజమానుల భయం. డోలు పోయినది గాని లయ పోలేదు. అరచేతులతో తొడలను, రొమ్మును చరుస్తూ, కాళ్లతో నేలను తన్నుతూ వారు తమ దేహాన్నే వాద్యం చేసుకున్నారు. దాదాపు రెండు శతాబ్దాల తరువాత మిసిసిపీ గాయకుడు చార్లీ పాటన్ గిటారు పెట్టెను చరుస్తూ, నేలను తన్నుతూ పాడి నృత్యసభలను ఊపివేశాడు. అతని పాటలు 1929 నుండి ధ్వనిముద్రికలకెక్కాయి. ఆ శాసనానికీ ఈ చరపుకూ నడుమ తిన్నని గీత గీయడం తొందరపాటే అవుతుంది. కాని తోడు మద్దెల లేని ఒంటరి గాయకుడు చేతిలోని చెక్కలోనే దానిని వెదుక్కున్నాడన్నది స్పష్టం.

ఇక తట్టు సంగతి. తీగను మీటినప్పటికంటె మెట్టుపై తట్టినప్పుడు ధ్వని సన్నగా వస్తుంది. ఈ కారణం చేతనే ఇది చాలాకాలం మారుమూల విద్యగా ఉండిపోయింది. తురుష్కదేశపు నైఋతి కొండలలో యూరుక్ జాతివారు తమ మూడు తంత్రుల చిన్న వాద్యాన్ని ఉభయ హస్తాల వ్రేళ్లతో తట్టి పలికిస్తారు. అమెరికాలో రాయ్ స్మెక్ అనే వినోదకారుడు 1930ల తొలినాళ్ల చలనచిత్రంలో ఉకులేలేపై ఇటువంటి చమత్కారం చూపాడు. తరువాత విద్యుత్తు తోడయింది. తీగల కంపనాన్ని విద్యుత్తరంగంగా మార్చే పరికరాలను తయారుచేసిన హ్యారీ డి ఆర్మండ్, వాటి సున్నితత్వాన్ని చూపడానికి తీగలను తట్టేవాడు. దానిని పద్ధతిగా మలచి జిమ్మీ వెబ్‌స్టర్ 1952లో ఒక బోధిని ప్రకటించాడు. ఈ విషయంలో డి ఆర్మండ్‌కు చెందవలసిన గౌరవాన్ని అతడు దాచుకోలేదు.

విద్యుత్తు తోడు లేని గిటారుపై ఈ విద్యను చూపిన ఇటలీ దేశీయుడు విత్తోరియో కమర్దేసే వృత్తిచేత వైద్యుడు. 1965లో ఇటలీ టెలివిజన్‌లో రెండు చేతులతో మెట్లను తట్టి రాగాన్నీ, దాని క్రింద మంద్రస్వరాన్నీ ఏకకాలంలో వినిపించాడు. ఆయన దీనిని జీవనోపాధిగా చేసుకోలేదు, శిష్యులను పోగుచేయలేదు. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ విద్యుత్ గిటారుపై ఇదే తట్టుతో ప్రపంచాన్ని అబ్బురపరచినప్పుడు ఆ వైద్యుని పేరు తలచినవారు అరుదు. దాదాపు అర్ధశతాబ్ది గడచిన తరువాతనే ఆ పాత చిత్రం లోకం కంటబడింది.

చరపును, తట్టును, మీటును ఒక్క రచనలో సమన్వయించిన కీర్తి అమెరికాకు చెందిన మైకేల్ హెడ్జెస్‌ది (1953–1997). సంగీత విద్యాలయంలో స్వరరచన అభ్యసించిన హెడ్జెస్ తీగల శ్రుతిని రచనకొక విధంగా మార్చుకొనేవాడు. 1984లో వెలువడిన ‘ఏరియల్ బౌండరీస్’ అనే ఆయన రచనను విన్నవారికి అది ఒక్క మనిషి వాద్యమంటే నమ్మకం కలగదు. ప్రెస్టన్ రీడ్ పెట్టె నలుప్రక్కలనూ మద్దెలగా వాడుకున్నాడు. ఈ ఇద్దరి ప్రభావంతో పెరిగిన ఆండీ మెకీ 2006లో అంతర్జాలం ద్వారా లక్షలాది శ్రోతలను చేరాడు. వారిలో ఎందరో ఇదేదో సరికొత్త విద్య అనుకున్నారు!

అయితే ఈ విద్యను కనిపెట్టినవారు ఎవరు? నర్తకి అడుగును అందుకోవలసి వచ్చిన వాద్యకారుడు, మద్దెల లేని గాయకుడు, పరికరాన్ని పరీక్షించిన శిల్పి, తీరిక వేళ వాద్యంతో ఆడుకున్న వైద్యుడు: ఎవరి అవసరం కొద్దీ వారు కనుగొన్నారు. మనం ఆద్యుడని పిలుస్తున్నది తరచు ఆద్యుణ్ణి కాదు. ముద్రికకెక్కిన మొదటివానిని, లేదా ముద్రిక బాగా అమ్ముడుపోయినవానిని. కమర్దేసే చిత్రం చెరిగిపోయి ఉంటే ఆయన లేనట్లే లెక్క. అట్లా లెక్కకు రాకుండా పోయిన చేతులెన్నో! కనుక ఒక వాద్యకారుని వినిపించడంతోనే ప్రసారశాల బాధ్యత తీరిపోదు. విన్నదానిని భద్రపరచి, పేరుతో సహా రాబోయే తరానికి అప్పగించడం కూడా దాని విధి. గిటారు చెక్కపై పడిన ప్రతి దెబ్బా గాలిలో కలిసిపోతుంది. కొట్టిన చేయి ఎవరిదో జ్ఞాపకముంచుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నది.