మన రక్తమే మనకు మందు: 29 ఏళ్లు నడిచిన ఒక ఫైలు

డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్ అనే మాట ఇప్పుడు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. లక్షన్నర దాటి ఉంటే ఊపిరి పీల్చుకుంటాము. ఇరవై వేలకు దిగితే బంధువులకు ఫోన్లు చేస్తాము. అయితే ఆ ప్లేట్‌లెట్లను మన రక్తంలోంచే తీసి, మానని పుండుకో, అరిగిన మోకాలికో మందుగా వాడతారన్న సంగతి చాలామందికి కొత్త. నాతోపాటు ఒకే సెక్షన్లో పనిచేసి రిటైరైన మిత్రుడొకరికి మోకాళ్ల నొప్పులకు ఈ ఇంజెక్షన్లు మూడు చేయించుకోమని ఒకచోట చెప్పారట. "నువ్వు మెడికల్ బిల్లులు చూసినవాడివి కదా, దీని సంగతేమిటో కాస్త చూసి చెప్పవోయ్" అన్నాడు. నేను డాక్టరును కాను. బిల్లు వెంట ఉండవలసిన కాగితాలు ఉన్నాయా లేవా అని చూడటమే నాకు తెలిసిన విద్య. ఆ దృష్టితోనే దీని చరిత్ర చదివాను.

కథ ఇటలీలోని ట్యూరిన్ నగరంలో మొదలవుతుంది. 1882లో అక్కడి ఆచార్యుడు జూలియో బిజ్జోజెరో, బ్రతికి ఉన్న చిన్న జంతువుల సన్నని రక్తనాళాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. ఎర్రకణాలు, తెల్లకణాలు కాక మూడో రకం రేణువులు ఉన్నాయనీ, నాళానికి దెబ్బ తగిలినచోట అవే ముందుగా వచ్చి అతుక్కుంటాయనీ చూపించాడు. చిన్న పళ్లెంలా ఉంటాయి కనుక ఆ పేరు. అంతకుముందు వాటిని చూసినవారు లేకపోలేదు గాని, వాటి ఉద్యోగమేమిటో స్పష్టంగా చెప్పినవాడు ఈయనే. ఆ తరువాత చాలాకాలం, రక్తాన్ని గడ్డకట్టించడమే వాటి పని అనుకున్నారు.

రెండో ఉద్యోగం 1974లో బయటపడింది. అమెరికాలోని సియాటిల్‌లో రసెల్ రాస్ అనే పరిశోధకుడు ఉండేవారు. ఈయన మొదట చదివినది దంతవైద్యం. ధమనులు ఎందుకు పూడుకుపోతాయో తెలుసుకోవడానికి, కోతి ధమనుల గోడల్లోని కండర కణాలను గాజుపాత్రల్లో పెంచుతూ వచ్చారు. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరం పోస్తే కణాలు పెరిగాయి. ముందే ప్లేట్‌లెట్లు తీసివేసిన ప్లాస్మాతో చేసిన సీరం పోస్తే అంతగా పెరగలేదు. ఆ రెండోదానికి ప్లేట్‌లెట్లు కలిపి చూస్తే మళ్లీ పెరిగాయి! గడ్డకట్టే సమయంలో ప్లేట్‌లెట్లు తమ లోపలి సంచులు విప్పి, చుట్టుపక్కల కణాలను వృద్ధి చెందమని పురమాయించే పదార్థాలను వదులుతాయన్నమాట. గండి పూడ్చిన కూలీయే వెళ్లి తాపీమేస్త్రీని కూడా పిలుచుకు వస్తున్నాడు.

దీనిని రోగి మంచం దగ్గరకు తెచ్చిన ప్రముఖుడు మినియాపోలిస్‌లోని సర్జన్ డేవిడ్ నైటన్. రోగి రక్తం తీసి, ప్లేట్‌లెట్లను వేరుచేసి, వాటిలోని పదార్థాలను బయటకు రప్పించి, ఆ ద్రవాన్ని అదే రోగి పుండుమీద వాడేవారు. 1986లో 49 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారికి మొత్తం 95 పుండ్లు. సగానికి పైగా రోగులు మధుమేహం ఉన్నవారు. సగటున 198 వారాలు, అనగా దాదాపు నాలుగేళ్లు, మామూలు వైద్యం చేసినా మాననివి. ఈ మందుతో సగటున 10.6 వారాల్లో పూర్తిగా మానాయని రాశారు. కాలి వేలు ఎక్కడ తీసేస్తారోనని భయపడిన ఇల్లు ఏదైనా మన సంఘంలో ఉంటే, ఈ అంకె విలువ వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే నాకు తెలిసిన వ్యవహారం వచ్చింది. అమెరికాలో 65 ఏళ్లు దాటినవారి వైద్యఖర్చులు భరించే ప్రభుత్వ పథకం పేరు మెడికేర్. అక్కడి పెన్షనర్లకు అదే ఆధారం. ఈ చికిత్సకు డబ్బు చెల్లించేది లేదని 1992లో మెడికేర్ కొర్రీ పెట్టింది. తగిన రుజువు లేదన్నది కారణం. వినగానే నాకూ కోపం వచ్చింది. కాని కాగితాలు చూస్తే కొర్రీ న్యాయమే అనిపించింది. నైటన్ 1986 నివేదికలో, ఈ మందు లేకుండా అంతే శ్రద్ధగా కట్టుకట్టించుకున్న మరో జట్టు లేదు. మంచి క్లినిక్‌లో వారం వారం శుభ్రం చేస్తే మానే పుండ్లు కూడా ఉంటాయి కదా. ఆ తరువాత చేసిన చిన్న ప్రయోగాలు ఒకటి ఔనంటే ఒకటి కాదన్నాయి.

ఫైలు అక్కడ ఆగింది గాని మందు ఆగలేదు. 1998లో మయామీలో రాబర్ట్ మార్క్స్, దవడ ఎముక అతుకుల్లో దీనిని వాడి చూపారు. దానితో దంతవైద్యులు అందుకున్నారు. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ ఏ రసాయనమూ కలపకుండా, తీసిన రక్తాన్ని తీసినట్టే గిరగిర తిప్పి, గడ్డనే కట్టుగా వాడే పద్ధతి తెచ్చారు. పిమ్మట క్రీడాకారుల కండరాలకు, మోకాళ్లకు, చివరకు బట్టతలకు కూడా వ్యాపించింది. రోగి చేతినుంచి నేరుగా డబ్బు వచ్చేచోట కొర్రీ పెట్టేవాడెవడు?

రుజువు 2018లో దొరికింది. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో మధుమేహపు కాలిపుండ్లున్న 269 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. అందరికీ మంచి వైద్యమే. ఒక జట్టుకు మాత్రం అదనంగా, వారి రక్తమే 18 మిల్లీలీటర్లు తీసి చేసిన బిళ్లను వారం వారం పుండుమీద పెట్టారు. 20 వారాల్లో ఆ జట్టులో నూటికి 34 మందికి, రెండో జట్టులో 22 మందికి పుండు మానింది. 1986 నాటి అంకెలంత ఘనంగా లేవు, అయినా నమ్మదగినవి. 2021 ఏప్రిల్‌లో మెడికేర్ మధుమేహపు మొండిపుండ్లకు 20 వారాల వరకు చెల్లించడానికి ఒప్పుకుంది. మధ్యలో 2012లో, పరిశోధనలో చేరినవారికి మాత్రమే ఇస్తామని ఒక మెట్టు దిగింది. మొత్తం 29 ఏళ్లు! మన పే ఫిక్సేషన్ ఫైళ్లు నయం.

ఇక మా మిత్రుని మోకాలు. అదే 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 దాటిన 288 మందిపై జరిపిన పరీక్ష ఫలితం వెలువడింది. సగం మందికి వారి ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్లు మూడు, సగం మందికి ఒట్టి సెలైన్, అదే మన ఉప్పునీరు, మూడు. ఎవరికి ఏది వేశారో వారికి తెలియదు. ఏడాది తరువాత 0 నుంచి 10 వరకు కొలిచే నొప్పి, ప్లేట్‌లెట్ల జట్టులో సగటున 2.1 తగ్గింది. సెలైన్ జట్టులో 1.8 తగ్గింది. ఆ తేడా లెక్కలోకి రాదని తేల్చారు. కీలులోని మృదులాస్థి అరుగుదలా ఆగలేదు. మేలు జరిగిందన్న చిన్న అధ్యయనాలూ ఉన్నాయి, వైద్యుల్లో వాదం ముగియలేదు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మిత్రునికి ఇచ్చాను. ఆ 1.8 దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివి, "అయితే ఉప్పునీళ్లకే ఇంత తగ్గిందటోయ్?" అన్నాడు.