విమానం చక్రాల దగ్గర మంచు గడ్డకడితే? ఆ మెయింటెనెన్స్ ఎందుకు తప్పనిసరంటే..

పైనుంచి కురిసే మంచే కాదు, రన్‌వే మీద నీళ్లు, సగం కరిగిన మంచు కూడా ల్యాండింగ్ గేర్‌కు ముప్పే. టేకాఫ్‌లో చిమ్మిన ఆ తడి బ్రేకుల్లోకి, కీళ్లలోకి చేరుతుంది. 35 వేల అడుగుల ఎత్తులో బయట దాదాపు మైనస్ 54 డిగ్రీలు! అక్కడ గడ్డకడితే దిగేటప్పుడు చక్రాలు సరిగా బయటికి రాకపోవచ్చు. బ్రేకులు పట్టేస్తే టైర్లు పేలే ప్రమాదమూ ఉంది.

అందుకే ఇలాంటి రన్‌వే నుంచి లేచాక కొన్ని విమానాల్లో పైలట్లు గేర్‌ను వెంటనే లోపలికి తీసుకోరు. గాలికి తడి ఎగిరిపోనిస్తారు. కింద మాత్రం అసలు పని గ్రీజుదే. కొత్తది ఎక్కిస్తే పాత గ్రీజుతో పాటు లోపల చేరిన నీళ్లూ బయటికొస్తాయి. చూడ్డానికి చిన్న పనే! కానీ లోపం ప్రమాదకరమని తేలి అమెరికాలో ఎఫ్ఏఏ, యూరప్‌లో ఈఏఎస్ఏ 'ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్' ఇచ్చాయంటే అది సలహా కాదు, ఆదేశం. గడువులోగా పని పూర్తి చేయకుండా ఆ విమానం ఎగరడానికి వీల్లేదు.