పెద్దపులి ఎటు వెళ్లిందో ఎలా కనిపెడతారు? సింగరేణి ప్రాంతం వాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే!

‘పెద్దపులి వచ్చిందట’ అన్న మాట వినపడితే చాలు.. మంచిర్యాల నుంచి గోదావరిఖని దాకా టెన్షన్. ఓసీపీల్లో నైట్ షిఫ్ట్‌కు వెళ్లే కార్మికుల ఇళ్లల్లో నిద్ర ఉండదు. వాట్సాప్‌లో పాత వీడియోలు చక్కర్లు కొడతాయి. మరి పులి నిజంగా ఎక్కడుందో అటవీ శాఖకు ఎలా తెలుస్తుంది?

ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఎక్కువగా మహారాష్ట్ర నుంచే. వయసుకొచ్చిన పులి సొంత అడ్డా కోసం, తోడు కోసం బయల్దేరుతుంది. తాడోబా వైపు నుంచి వచ్చేవి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి, తిప్పేశ్వర్ వైపువి పెన్‌గంగ దాటి ఆదిలాబాద్‌లోకి అడుగుపెడతాయి. అక్కడి నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వ్, మంచిర్యాల అడవులు దగ్గరే. గోదావరి దాటితే పెద్దపల్లి జిల్లా.

ఎలా కనిపెడతారు?

* అడుగుజాడలు: కుక్క అడుగులో గోళ్ల గుర్తులు ఉంటాయి. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి సాధారణంగా ఆ గుర్తులు పడవు. సైజును బట్టి పులో, చిరుతో అంచనా వేస్తారు.
* ట్రాప్ కెమెరాలు: దారికి రెండు వైపులా పెడతారు. ఎందుకంటే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. మన వేలిముద్రల లెక్కే.
* రేడియో కాలర్: మెడకు కట్టే జీపీఎస్ పట్టీ. తిప్పేశ్వర్‌లో పుట్టిన ‘వాకర్’ అనే పులికి 2019 ఫిబ్రవరిలో దీన్ని కట్టారు. అది తెలంగాణలోకీ వచ్చి, తిరిగి మహారాష్ట్రలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. 9 నెలల్లో నడిచింది దాదాపు 3,000 కిలోమీటర్లు!

అసలు సమస్య ఇదే

ఇటు వచ్చే పులుల్లో చాలావాటికి కాలర్ ఉండదు. అందుకే మొదట అడుగుజాడ చూసినవాళ్లు ఇచ్చే సమాచారమే కీలకం. అది ఆలస్యమైతే రెండు వైపులా ప్రాణాలు పోతాయి. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఒకే నెలలో ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనుకు వెళ్లిన మహిళ ప్రాణాలు కోల్పోయింది. అదే ఏడాది జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పూయడమే కారణమని తేలింది.

అడుగుజాడ కనిపిస్తే ఏం చేయాలి?

* తొక్కొద్దు. పక్కన అగ్గిపెట్టె లాంటిది పెట్టి ఫొటో తీయండి. సైజు తెలుస్తుంది.
* గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసే ముందు అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.
* తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఒంటరిగా చేన్లకు, మట్టి గుట్టల వైపు వెళ్లొద్దు. చేలో వంగి పని చేసేటప్పుడు గుంపుగా ఉండండి.
* పశువును పులి చంపితే కళేబరాన్ని కదిలించొద్దు. పంచనామా అయితేనే పరిహారం వస్తుంది.
* పులి కనిపిస్తే వీడియో కోసం వెంటపడొద్దు. వీపు చూపించి పరిగెత్తొద్దు, మెల్లగా వెనక్కి జరగండి.