బొర్రా పదునాలుగు గ్రామములు

భారత రాజ్యాంగపు అయిదవ షెడ్యూలును గూర్చి న్యాయవాదులు వాదించు ప్రతిచోటను తప్పక ప్రస్తావనకు వచ్చు తీర్పొకటి మా అనంతగిరి మండలపు నేలమీద పుట్టినది. 1997వ సంవత్సరము జూలై 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము వెలువరించిన ఆ తీర్పునకు, వ్యాజ్యము నడిపిన సంస్థ పేరిట, ‘సమత తీర్పు’ అన్న పేరు స్థిరపడినది. బొర్రా గుహలను చూచుటకు ఏటేట వచ్చు యాత్రికులు ఆ పోరాటము నడిపిన గ్రామముల పొలిమేరల మీదుగానే సాగిపోవుదురు గాని, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు కట్టబెట్టు అధికారము ప్రభుత్వమునకే లేదని దేశమునకు చాటిన పోరాటము ఇచ్చటనే జరిగినదని వారిలో ఎరిగినవారు మిక్కిలి అరుదు. తీర్పును గూర్చి వ్రాసినవారు పెక్కురు కలరు. దానిని సాధించిన మనుష్యులను గూర్చి వ్రాసినవారు తక్కువ. ఈ కొండలలో నివసించు వాడనగుటచే ఆ మనుష్యుల పక్షమున నాలుగు మాటలు వ్రాయుట నా విధియని తలంచుచున్నాను.

శృంగవరపుకోట దాటి కనుమదారి ఎక్కుచుండగా కాఫీతోటలును, సిల్వర్ ఓక్ మ్రాకులకు ప్రాకిన మిరియపు తీగెలును, వానికి పైన పోడు కొట్టిన వాలులలో చోళ్లు, సామలు, పసుపు పండించు చేలును కనబడును. ఈ కొండలలో జనించిన గోస్తనీనది బొర్రా గుహలలోనుండి పారి, తాటిపూడి జలాశయమున నిలిచి, విశాఖపట్టణ వాసుల దాహమును కొంత తీర్చి, భీమునిపట్టణము చెంత సముద్రమున కలియును. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపానుకు పంపుటకై 1960వ దశకమున వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము కూడ బొర్రా మీదుగానే పోవును. దూరదేశపు కొండనొకదానిని ముక్కలుచేసి, వ్యాగన్లకెత్తి, రేయింబవళ్లు దిగువకు తరలించుచున్న దృశ్యమును ఈ గ్రామములవారు ఒక తరముపాటు కన్నులార చూచిరి. కనుకనే తమ కొండల వంతు వచ్చినపుడు ఏమి జరుగబోవుచున్నదో వారికి మరియొకరు వచ్చి బోధింపవలసిన పని లేకపోయెను.

గుహలలో దీపకాంతికి మెరయు స్తంభములు ఏ ఖనిజముతో ఏర్పడినవో ఆ కాల్సైటే మా నిమ్మలపాడు గ్రామ పరిసరములందు నేలక్రింద పరచుకొని యున్నది. తెల్లని ఆ రాతిని సుత్తితో తట్టినచో అది ఎగుడుదిగుడుగ పగులదు; నున్నని ముఖములుగల ఏటవాలు పలకలుగ విడిపోవును, ఆ పలకను మరల తట్టినను అదే వంకర ఘనము, గోటియంత ముక్కయందును అదే ఆకారము. పశువులను తోలుకొనిపోవు పిల్లలు ఆ ముక్కలను ఏరి ఆడుకొందురు. రంగులు, రబ్బరు, కాగితము, గాజు మొదలగు పరిశ్రమలకు ఆ రాయి ముడిసరుకు. విశాఖ తీరమున సముద్రజలమునుండి మెగ్నీషియా తీయు కర్మాగారమును తలపెట్టిన బిర్లా పెరిక్లేజ్ సంస్థ దృష్టి నిమ్మలపాటిమీద పడుటకు కారణమిదియే. అంతకుమునుపే ఈ చుట్టుపట్ల కాల్సైటు, అభ్రకము మొదలగు ఖనిజములకై పెక్కు ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వము లీజులు మంజూరు చేసియుండెను.

ఇక భూమి సంగతి. బొర్రా రక్షితారణ్యమున చిక్కుకొనియున్న పదునాలుగు గ్రామములలో తాతతండ్రులనాటినుండి దున్నుకొనుచున్నవారికి అప్పట్లో పట్టాలు లేవు. సేద్యము కంటికి కనబడుచున్నది, చెట్లు నాటిన చేతులు కనబడుచున్నవి, కాని కాగితమున మాత్రము ఆ నేల ప్రభుత్వపుది లేక అడవిది. పట్టా అడిగినవానికి అది అడవియని ప్రత్యుత్తరము. గని అడిగినవానికి అదే నేల లీజు. చట్టము ఈ రెండుముఖముల వ్యవహారమును ఎన్నడో ఊహించియుండెను. మన్యపు భూములు మైదానపు షావుకారుల పాలగుచున్నవని గ్రహించి 1917లోనే ఆంగ్లప్రభుత్వము ఏజెన్సీ భూబదిలీ చట్టమును చేసెను. స్వాతంత్ర్యానంతరము 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ రెగ్యులేషను వచ్చెను. 1970లో దానిని సవరించి, గిరిజనేతరునకు గిరిజనేతరుడైనను భూమిని బదిలీచేయ వీలులేదనియు, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి, వేరుగ రుజువగువరకు, గిరిజనునినుండి వచ్చినదిగానే ఎంచవలెననియు శాసించిరి. మా ప్రాంతమున చదువురానివారు సైతము ‘1/70 చట్టము’ అని నోటితో పలుకునది ఇదే. ఈ చట్టము అటు మైదానపు షావుకారును నిరోధించినది గాని, ప్రభుత్వమే బదిలీ చేయుచున్నపుడు దానిని నిరోధించునా లేదా అన్న ప్రశ్నను అంతవరకు ఎవరును తుదముట్ట తేల్చియుండలేదు.

ఆ ప్రశ్నను పట్టుకొన్నవారు ‘సమత’ కార్యకర్తలు. రెబ్బాప్రగడ రవియు, ఆయన సహచరులును 1980వ దశకపు చివర తూర్పుగోదావరి మన్యమున గిరిజనుల భూమి, అడవిహక్కుల పనితో ప్రారంభించిన ఈ బృందము 1990లో సంస్థగా నమోదై, పిమ్మట మా కొండలకు విస్తరించినది. బయటినుండి వచ్చిన సేవాసంస్థలు మన్యమునకు కొత్తవి కావు. బావి త్రవ్వించి, ఒక బడిని నడిపి, నిధులు ముగియగానే దిగిపోయినవి పెక్కు కలవు. వారి సేవను నేను తక్కువ చేయను. కాని సమత బృందమునకును ఇతరులకును నాకు తోచిన భేదమొకటి కలదు: ఊరివారి కష్టమును తాము విని తాము చెప్పుటతో తృప్తిపడక, చట్టమును ఊరివారి చేతికందించుట వారు ముఖ్యమని ఎంచిరి. ఈ పనికి పగలు పనికిరాదు. పగలు అందరును పోడులోనో, సంతలోనో, అడవిలో అడ్డాకులు కోయుచునో ఉందురు. రాత్రి అంబలి త్రాగి, నెగడు చుట్టును కూర్చున్న పిదప, ఏ సర్వేనంబరు ఎవరి సేద్యములో ఉన్నది, లీజు హద్దు ఏ గెడ్డనుండి ఏ గెడ్డవరకు పోవుచున్నది, గ్రామపు శ్మశానమును మేతబీడును ఆ హద్దులో ఉన్నవా లేవా అన్నవి ఒక్కొక్కటిగా తేల్చవలసియుండును. ఇట్టి సభలలో పురుషులు మొదట చట్టమును గూర్చి అడుగుదురు. స్త్రీలు మొదట ఊటనీటిని గూర్చి అడుగుదురు. పేలుడుమందు పెట్టిన కొండలో ఊట ఎటు మళ్లునో చెప్పగల ఇంజనీరు లేడన్న సంగతిని ఊటనుండి కుండ మోయువారికంటె బాగుగ ఎరిగినవారు లేరు.

ఊరంతయు ఏకకంఠమున నిలిచెనని వ్రాయుట సులభము; సత్యము కాదు. గని వచ్చినచో కూలి దొరకునని ఆశించినవారును ఉండిరి, వారి ఆశ తప్పనుటకు నాకు నోరు రాదు. వానలు తప్పిన యేట ఆకలిమాసములు ఎట్లుండునో ఎరిగినవాడు రోజుకూలిని తేలికగ తీసివేయడు. ఆశ చూపినవారును, భయపెట్టినవారును కలరు. అయినను భూమి పోయిన పిదప కూలి ఎన్నాళ్లని లెక్కవేసుకొన్నవారి మాటయే తుదకు నెగ్గెను. వారిలో అక్షరాస్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆ లెక్క మాత్రము ఏ ఆర్థికశాస్త్రవేత్తయు తప్పుపట్టదగినది కాదు.

స్థానిక న్యాయస్థానములలో మొదలైన వ్యాజ్యము 1993లో ఉన్నత న్యాయస్థానమునకు చేరెను. 1995 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను: 1/70 చట్టము వ్యక్తులమధ్య బదిలీకే గాని, ప్రభుత్వము తన భూమిని లీజుకిచ్చుటకు వర్తింపదన్నది దాని తాత్పర్యము. రెండేండ్ల పోరాటము ఒక్కదినమున వ్యర్థమైనట్లు కనబడిన కాలమది. ఒక చిన్న సంస్థకు, పట్టాలు లేని సేద్యగాండ్రకు, ఢిల్లీలో ప్రభుత్వమును పెద్ద కంపెనీలను ఎదుర్కొని వాదించుట ఎంతటి భారమో ఊహింపవచ్చును. వారు వెనుదిరుగలేదు, ఈ నిశ్చయమే కథకు మలుపు.

సర్వోన్నత న్యాయస్థానమున ముగ్గురు న్యాయమూర్తులు ఈ వ్యాజ్యమును విచారించిరి. తెలుగునాటనుండి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి, తన పదవీవిరమణ ముంగిట నిలిచి, సుదీర్ఘమైన తీర్పును వ్రాసిరి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ వారితో ఏకీభవించిరి, జస్టిస్ జి.బి. పట్నాయక్ ముఖ్యమైన అంశమున విభేదించిరి. అధికసంఖ్యాకుల నిర్ణయము ఇది: చట్టమున చెప్పిన ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వమును చేరును; కనుక షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వభూమిని, అటవీభూమిని సయితము గిరిజనేతరులకు గాని, ప్రైవేటు కంపెనీలకు గాని లీజుకిచ్చుట చెల్లదు, ఇచ్చిన లీజులు శూన్యములు. త్రవ్వవలసి వచ్చినచో ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థయో, గిరిజనుల సహకార సంఘమో అడవి, పర్యావరణ చట్టములకు లోబడి త్రవ్వవలెను. నికరలాభములో కనీసము 20 శాతము ఆ ప్రాంతపు నీరు, వైద్యము, విద్య, రోడ్లకై ప్రత్యేకించవలెను. వాదించినవారు కోరినదానికంటె ఒకింత మిన్నగానే ఈ తీర్పు వచ్చినదని నా భావము.

దాని ప్రకంపనలు కొండదాటి పోయినవి. పునర్విచారణ కోరిన అర్జీలను 2000లో న్యాయస్థానము త్రోసిపుచ్చెను. అదే సంవత్సరము జూలైలో కేంద్ర గనుల శాఖ, ఈ తీర్పు వలన కలిగిన చిక్కును తొలగించుటకు అయిదవ షెడ్యూలునే సవరింపవలెనని ఒక రహస్యపత్రమును సిద్ధపరచినదన్న సంగతి బయటపడి, దేశమంతట ఆదివాసి సంఘములు ఎలుగెత్తగా ఆ సవరణ ముందుకు సాగలేదు. రాజ్యాంగమును సవరింపజూచిన పెద్దల ఆలోచనలో మా నిమ్మలపాడుండెనన్నది తలంచినపుడు నాకు ఒడలు పులకరించును. నియమగిరిలో వేదాంత సంస్థ బాక్సైటు గనిని 2013లో డోంగ్రియా కోందుల గ్రామసభలు నిరాకరించినపుడును, మన గాలికొండ, రక్తకొండ, చిత్తమగొంది బాక్సైటును గూర్చి ప్రభుత్వములు ఒప్పందములు చేసికొన్నపుడును, మాజీ ఐ.ఎ.ఎస్. అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ మొదలగువారు ప్రశ్నలు లేవదీసినపుడును, ఆ వాదములలో ఈ తీర్పు వెన్నెముకగ నిలిచినది. తదనంతర కాలమున చింతపల్లి వైపు అటవీభూమిని బాక్సైటునకు కేటాయించిన 2015 నాటి ఉత్తర్వును 2019లో ప్రభుత్వమే రద్దుచేసెను.

ఇంత జరిగినను, తీర్పు అమలైనదని నిబ్బరముగ చెప్పుటకు వీలులేదు. 2015లో గనుల చట్టమును సవరించి ఏర్పరచిన జిల్లా ఖనిజ నిధికి రాయల్టీలో 10 లేక 30 శాతము చెల్లింపవలెనన్నారు. తీర్పులోని 20 శాతము లాభముమీదిది, ఇది రాయల్టీమీదిది. రెండును ఒకటి కావు, ఆ భేదమును మా వారికి ఎవరును విప్పిచెప్పలేదు. నిమ్మలపాటి కాల్సైటును ఎవరు త్రవ్వవలెనన్న ప్రశ్నయు ఇటీవలి సంవత్సరములందు మరల తలెత్తినది. గిరిజన సంఘము పేరిట బయటి గుత్తేదారు చొరబడునన్న భయమొకవైపు, తమ రాయిని తామే త్రవ్వుకొని బ్రతుకవలెనన్న కోరిక మరొకవైపు. తీర్పు రెండవదానికి తలుపు తెరచియే యుంచెను. మొదటిదానికి కావలి కాయవలసినవారు గ్రామసభలోని వారు. 1996 నాటి, షెడ్యూల్డు ప్రాంతములకు పంచాయతీల విస్తరణ చట్టము గ్రామసభకు ఆ స్థానమును ఇచ్చినది గాని, అధికారులు కాగితమున సంతకము తీసికొని గ్రామసభ జరిగెనని వ్రాసుకొను అలవాటు మన్యమున నేటికిని పోలేదు.

పట్టాల కథయు సాగుచునే యున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము వచ్చిన పిదప, దున్నుకొను నేలకు వ్యక్తిగత హక్కుపత్రములు రాదొడగినవి. ఇప్పుడు కావలసినది ఊరుమ్మడి అడవికి సామూహిక హక్కుపత్రము. అడవి అంచున మేతబీడు, ఊట, మారేడు, చింత, అడ్డాకుల తావులు అందులో చేరవలెను. దరఖాస్తుకు గ్రామసభ తీర్మానమును, హద్దుల పటమును, ఆ తావులను వాడుచున్నట్లు వృద్ధుల వాఙ్మూలమును జతపరచవలెను. సమత తీర్పునాటి సభలలో కూర్చున్నవారిలో పెక్కురు వృద్ధులైరి, కొందరు గతించిరి. వ్యాజ్యము సంస్థ పేరిట నడచినందున వారిలో ఏ ఒక్కరి పేరును ఆ తీర్పు శీర్షికలో లేదు. హద్దుగెడ్డలను వ్రేలితో చూపగలవారు ఉండగానే ఆ వాఙ్మూలములను వారి మాటలలోనే వ్రాసికొనుట ఈ వేసవిలోనైనను ప్రారంభింపవలెనని బొర్రా పంచాయతీ సభ్యులను, మా ఉపాధ్యాయులను కోరియున్నాను. కాగితమును, ఖర్చును, నడువవలసిన దారిని సమకూర్చుటకు నేను సిద్ధముగ నున్నాను.