తప్పు విద్యుత్ సరఫరా వలన చెడిన పరికరాల మరమ్మతు

తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నమైన వోల్టేజిని ఇచ్చుట వలన, ధన ఋణ ధ్రువాలను తారుమారు చేయుట వలన లేదా సరిపోని అడాప్టరును వాడుట వలన ఎలక్ట్రానిక్ పరికరాలు చెడిపోతాయి. ఆ లోపాన్ని గుర్తించి సరిచేయు విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతంలో ఇందుకు రెండు కారణాలు గమనించదగినవి. మొదటిది విదేశాల నుండి తెచ్చుకొనే పరికరాలు, రెండవది తుఫానుల తరువాత విద్యుత్ లైన్లలో ఏర్పడే లోపాలు.

విదేశీ పరికరాలు

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో ఇది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపానులో 100 వోల్టులు. ఉద్దానం నుండి అనేకులు ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్తుంటారు. ఆ దేశాలలో అధికభాగం సరఫరా భారతదేశపు సరఫరాకు దగ్గరగానే ఉంటుంది. అయితే సౌదీ అరేబియాలో ఇళ్ళకు చాలాకాలం 127 వోల్టులు, 60 హెర్ట్జ్ సరఫరా ఉండేది. 230 వోల్టులకు మారాలని ఆ దేశం 2010లో నిర్ణయించింది.

120 వోల్టుల హీటరును 230 వోల్టులకు కలిపితే అది సుమారు 3.7 రెట్లు శక్తిని తీసుకొని కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుంది కాని హెర్ట్జ్‌ను మార్చదు. అందుచేత 60 హెర్ట్జ్‌పై ఆధారపడి నడిచే గడియారం ఇక్కడ గంటకు 10 నిమిషాలు వెనుకబడుతుంది. పరికరంపై "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేదు.

తుఫానులు, న్యూట్రల్ లోపం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. విద్యుత్ స్తంభాలు, లైన్లు పెద్దయెత్తున కూలిపోయి అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి.

మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ తెగితే, వేర్వేరు ఫేజులపై ఉన్న ఇళ్ళు 400 వోల్టుల మధ్య వరుసగా కలిసినట్లవుతాయి. అప్పుడు వాడకం తక్కువగా ఉన్న ఇంటికి 230 కంటే చాలా ఎక్కువ వోల్టేజి చేరుతుంది. కొన్ని ఇళ్ళలో దీపాలు మిరుమిట్లు గొలుపుతూ, మరికొన్నింట మసకగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ స్విచ్ ఆపి విద్యుత్ సిబ్బందికి తెలపాలి.

అడాప్టరు ఎంపిక

అడాప్టరు వోల్టేజి, పిన్ను ధ్రువత పరికరంపై ముద్రించిన వాటితో సరిపోవాలి. ఆంపియర్ల సామర్థ్యం ఎక్కువ ఉన్నా హాని లేదు, తక్కువ ఉంటే అడాప్టరు వేడెక్కుతుంది. పిన్ను పట్టినంత మాత్రాన 12 వోల్టుల రౌటరుకు 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టరు పెట్టరాదు.

మరమ్మతు విధానం

# ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటరులో 325 వోల్టుల వరకు నిలిచి ఉండవచ్చు. ఇది ప్రాణాపాయకరం. తగిన రెసిస్టరుతో దానిని డిశ్చార్జి చేసి, మల్టీమీటరుతో నిర్ధారించుకోవాలి.
# ఫ్యూజు, వేరిస్టరులను చూడాలి. వేరిస్టరు అధిక వోల్టేజికి షార్టు అయి ఫ్యూజును కాల్చివేస్తుంది. చాలాసార్లు ఈ రెండింటిని మార్చితే పరికరం బాగవుతుంది.
# తరువాత బ్రిడ్జి డయోడ్లు, ఉబ్బిన కెపాసిటర్లు, స్విచింగ్ ట్రాన్సిస్టరులను పరీక్షించాలి. ధ్రువత తారుమారైన పరికరాలలో ముందుగా రక్షణ డయోడును చూడాలి.
# తీరప్రాంతంలో ఉప్పుగాలికి బోర్డుపై చిలుము పడుతుంది. దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచాలి.
# మొదటిసారి విద్యుత్తు ఇచ్చునపుడు 60 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో కలపాలి. బల్బు క్షణం వెలిగి మసకబారితే మంచి సూచన. ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే షార్టు ఇంకా ఉన్నట్లు.

కాలిన ఫ్యూజు స్థానంలో అదే విలువ గల ఫ్యూజునే వేయాలి. రాగితీగ చుట్టినచో తరువాతి లోపం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

మరమ్మతు చేయరానివి

ప్రధాన చిప్పు కాలిన చౌక పరికరాల మరమ్మతు సాధారణంగా గిట్టుబాటు కాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని విప్పరాదు, మరల చార్జి చేయరాదు. ఎలక్ట్రానిక్ పరికరాల వ్యర్థాలకు 2023 ఏప్రిల్ 1 నుండి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 వర్తిస్తున్నాయి.

ఇవి కూడా చూడండి

* ట్రాన్స్‌ఫార్మర్
* కెపాసిటర్
* తిత్లీ తుఫాను
* ఉద్దానం