నల్లమందు నుంచి నొప్పి బిళ్ల వరకు: తెలుగు నేలపై ఓపియాయిడ్ వ్యసనం - కారణాలు, పర్యవసానాలు

వ్యాస సంగ్రహం: నల్లమందు ఇంటివైద్యంగా, సర్కారు ఆదాయ వనరుగా, నిషిద్ధ వస్తువుగా వేర్వేరు దశలు చూసింది. వ్యసనాన్ని ఆదాయంగానో నేరంగానో మాత్రమే చూసిన విధానాల వల్ల వ్యసనపరులూ, నొప్పితో బాధపడే రోగులూ నష్టపోయారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నల్లమందు, గసగసాలు, వ్యసనం, మార్ఫిన్, మదనపల్లె.

1. ప్రవేశిక

గసగసాలు తెలుగువారి వంటింటి దినుసు. ఆ గింజల్లో మత్తు దాదాపు ఉండదు. అదే మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు గట్టిపడి నల్లమందవుతాయి. దీనికే అభిని అని మరో పేరు. మార్ఫిన్, కోడీన్ అందులోనివే. హెరాయిన్‌ను మార్ఫిన్ నుంచి తయారుచేస్తారు. వీటినీ, ఇదే తీరున పనిచేసే ట్రమడాల్ వంటి కృత్రిమ ఔషధాలనూ కలిపి ఓపియాయిడ్లు అంటారు. వాడేకొద్దీ శరీరం మరింత మోతాదును కోరుతుంది. ఆపితే ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్రలేమి పీడిస్తాయి. మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది.

2. ఆదాయ వనరుగా నల్లమందు

1857, 1878 నాటి చట్టాల ద్వారా బ్రిటిషు ప్రభుత్వం నల్లమందు సాగునూ అమ్మకాన్నీ తన అదుపులో ఉంచుకుంది. లైసెన్సు దుకాణాల ద్వారా అమ్మి ఆదాయం పొందింది. గోదావరి, విశాఖ ఏజెన్సీలలో మన్యపు జ్వరానికి విరుగుడన్న నమ్మకంతో దీని వాడకం ఎక్కువగా ఉండేది. వైద్యుడు లేనిచోట నల్లమందే వైద్యమైంది. వాడుక అలవాటుగా, అలవాటు వ్యసనంగా మారింది. 1893లో నియమితమైన రాయల్ కమిషన్ 1895 నాటి నివేదికలో నిషేధం అవసరం లేదని తేల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1959 నాటికి వైద్యేతర వాడకాన్ని అంతం చేయాలన్న లక్ష్యంతో ప్రభుత్వం సరఫరాను క్రమంగా తగ్గించింది.

3. నిషేధం - మదనపల్లె ప్రాంతం

1985 నవంబరు 14న మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. నేడు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో నిర్ణీత ప్రాంతాల్లోనే లైసెన్సుపై గసగసాల సాగు జరుగుతుంది. అయినా 2021 మార్చిలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె ప్రాంతంలో దొంగచాటు సాగు బయటపడింది.

దీని కారణాలను నేర ప్రవృత్తిలోనే వెతకడం చాలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం బోరుబావుల మీద ఆధారపడిన మెట్టసీమ. టమాటా ధర ఒక వారం ఆశపెడితే మరో వారం కోత కూలికి కూడా చాలదు. అప్పుల్లో ఉన్న రైతుకు దళారి చూపే ఆశ పెద్దది. రామకుప్పం వంటి మండలాలకు పొరుగు రాష్ట్రాల సరిహద్దు ఎంతో దూరంలో లేదు కనుక ఈ ప్రాంతంలో నిఘా ఒక్క రాష్ట్రంతో తేలే పని కాదు. పట్టుబడితే సాగుచేసినవారికి పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. లాభం దళారిది, శిక్ష రైతుది అయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

4. పర్యవసానాలు

ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. వీరిలో సుమారు 77 లక్షల మందికి సహాయం అవసరం. నల్లమందు కంటే హెరాయిన్, మందుబిళ్లల వాడకమే ఎక్కువని ఆ సర్వే తెలిపింది. 2018లో ట్రమడాల్‌ను కూడా చట్ట పరిధిలోకి తెచ్చారు.

రెండో పర్యవసానం అంతగా కనబడదు. 1985 చట్టంలోని కఠిన నిబంధనలకు జడిసి అనేక ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ చేయడమే మానుకున్నాయి. 1997 నాటికి దేశమంతటా వైద్య వినియోగం ఏడాదికి 18 కిలోలకు పడిపోయింది. అమెరికాలో 1996లో వచ్చిన ఆక్సీకాంటిన్‌ను అతిగా ప్రచారం చేయడం వ్యసనానికి దారితీస్తే, ఇక్కడ అతి భయం క్యాన్సర్ రోగికి ఉపశమనం లేకుండా చేసింది. 2014 సవరణ ఈ నిబంధనలను సడలించింది.

5. ముగింపు

ఏజెన్సీలో వైద్యం కొరత, మెట్టసీమలో గిట్టుబాటు ధర కొరత: కాలాలు వేరైనా రెండుచోట్లా లేమియే నల్లమందుకు దారి తీసింది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరునికి స్వల్ప పరిమాణపు కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షన్ చట్టంలోనే ఉంది. దాడుల వార్తలు పల్లెకు చేరినంత వేగంగా ఆ సెక్షన్ సంగతి చేరినప్పుడు, చికిత్సాలయం అందుబాటులో ఉన్నప్పుడు మాత్రమే చట్టం ఆశించిన ప్రయోజనం నెరవేరుతుంది.