పిల్లల్ని ఎవరు పెంచాలి? మిజో కొండల చరిత్ర

చర్చికి వెళ్లే ఇళ్లలో పిల్లల పెంపకం గురించి మన గూడేల్లో రెండు మాటలు వింటుంటాం. "పాతవన్నీ వదిలెయ్యాలి" అంటారు కొందరు. "చర్చికి పోతే ఆదివాసీ కాదు" అంటారు ఇంకొందరు. ఈ రెండూ తప్పేనని మిజోల చరిత్ర చదివాక మాకు అనిపించింది.

పూర్వం మిజో ఊళ్లలో వయసొచ్చిన మగపిల్లలు రాత్రి ఇంట్లో పడుకునేవాళ్లు కాదు. వాళ్ల కోసం జోల్‌బుక్ అనే పెద్ద ఇల్లు ఉండేది. కథలు, కుస్తీలు, క్రమశిక్షణ అన్నీ అక్కడే. చిన్నోళ్లు కట్టెలు తేవాలి. బస్తర్ మురియాల గోటుల్ లాంటిదే, కాకపోతే ఆడపిల్లలకు చోటు లేదు. అక్కడ నేర్పిన ముఖ్యమైన గుణం త్లోమ్‌ఙైనా. అంటే తన సుఖం పక్కన పెట్టి ఎదుటివాడికి సాయపడటం.

1894లో లొరేన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి మిజో భాషకు రోమన్ లిపిలో రాత ఏర్పరిచారు. 1899లో మొదటి బాప్తిస్మాలు జరిగాయి. బడి, చర్చి పెరిగేకొద్దీ జోల్‌బుక్ బలం తగ్గింది. పారీ అనే బ్రిటిష్ అధికారి 1920లలో దాన్ని నిలబెట్టాలని చూసినా కుదరలేదు. 1938లో, మెక్‌కాల్ అధికారిగా ఉన్నప్పుడు, ఎత్తేశారు. పెంపకం బాధ్యత ఇంటి మీద పడింది.

ఆ ఇంట్లో తల్లులు చేసిన పని చూడండి. 1910 నుంచి వంట చేసేటప్పుడల్లా చర్చి కోసం పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. దాన్ని బుహ్‌ఫై థామ్ అంటారు. లేనివాళ్లు కూడా ఇవ్వగలరని పిల్లలు పొయ్యి దగ్గరే నేర్చుకున్నారు.

మరి త్లోమ్‌ఙైనా ఏమైంది? పోలేదు. 1935లో పుట్టిన యువజన సంఘం, ఇప్పటి యంగ్ మిజో అసోసియేషన్, దాన్ని ఎత్తుకుంది. ఖాళీ సమయాన్ని మంచిగా వాడటం, మిజోల అభివృద్ధి, మంచి క్రైస్తవ జీవితాన్ని గౌరవించడం దాని మూడు ఆశయాలు. ఊళ్లో చావు జరిగితే సమాధి తవ్వేది ఆ కుర్రాళ్లే. మొదట్లో చర్చి దూరం పెట్టిన డోలు కూడా తర్వాత చర్చి లోపలికే వచ్చింది.

మాలో చాలామంది చిన్నప్పుడే హాస్టల్‌కి వచ్చాం. అమ్మానాన్నల కంటే హాస్టలే మమ్మల్ని ఎక్కువ పెంచింది. రేపు మన పిల్లలకు ప్రార్థన నేర్పుతాం, బాగానే ఉంది. పక్కింటి చావుకి పరిగెత్తడం ఎవరు నేర్పుతారు? మిజోలు ఆ పని ఇంటికి, చర్చికి, యువజన సంఘానికి పంచారు. మనమూ మన ఊరి పెద్దలతో, పాస్టర్లతో కూర్చుని మాట్లాడుకోవాలి.